విలియం కేరీ: నష్టాల మధ్య కృతజ్ఞత

మన ప్రాంతంలో వేదాంత విద్య చదివిన పాస్టర్లలో చాలామంది పట్టాల మీద ఒక ఊరి పేరు ఉంటుంది. ఆ ఊరు సెరాంపూర్. కలకత్తాకు కొద్ది దూరంలో, హుగ్లీ నది ఒడ్డున ఉంది. అక్కడ 1818లో కళాశాల స్థాపించిన ముగ్గురిలో పెద్దవారు విలియం కేరీ. ఆధునిక మిషనరీ ఉద్యమానికి పితామహుడని ఆయనకు పేరు. ఎన్నో భారతీయ భాషల్లోకి బైబిలును తెచ్చారనీ, వ్యాకరణాలు, నిఘంటువులు రాశారనీ, సతీసహగమనం రద్దు కావాలని గట్టిగా కోరారనీ సండే స్కూలు నుండి వింటూనే ఉన్నాం.

ఆయన సాధించిన వాటి జాబితా మనకు కంఠతా వచ్చు. ఆయన పోగొట్టుకున్న వాటి జాబితా అంతగా తెలియదు. నిజానికి ఈ రెండో జాబితా మొదటిదానికంటే చిన్నదేమీ కాదు. రెండూ పక్కపక్కన పెట్టి చదివితేనే కేరీ గారి విశ్వాసం ఎలాంటిదో తెలుస్తుంది. మంచి జరిగినప్పుడు దేవునికి స్తోత్రం చెప్పడం ఎవరికైనా వస్తుంది. చేతిలో ఉన్నది బూడిద అయినప్పుడు స్తోత్రం చెప్పడం ఎలాగో ఆయన జీవితమంతా నేర్చుకుంటూనే ఉన్నారు.

చెప్పులు కుట్టే బల్ల దగ్గర

కేరీ 1761 ఆగస్టు 17న ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైర్‌లో పాలర్స్‌పరీ అనే పల్లెలో పుట్టారు. తండ్రి ఎడ్మండ్ మొదట నేతపని చేసి, తరువాత ఊరి బడిపంతులు అయ్యారు. కుర్రవాడికి ఎండ పడని చర్మవ్యాధి ఉండేది. పొలం పని కుదరక చెప్పులు కుట్టే పనిలో చేర్చారు. అక్కడే తోటి పనివాడి ద్వారా ప్రభువును తెలుసుకున్నారు. 1783లో బాప్తిస్మం పొందారు.

పేదరికం ఆయనను వదల్లేదు. మౌల్టన్ అనే ఊరిలో బడిపంతులుగా, సంఘకాపరిగా ఉంటూనే రాత్రిపూట చెప్పులు కుట్టి సంసారం నడిపారు. మన ఉపాధ్యాయులకు నచ్చే సంగతి ఒకటుంది. పిల్లలను అదుపులో పెట్టడం ఆయనకు చేతనయ్యేది కాదట. బడిని తాను నడిపించడం కాదు, పిల్లలే తనను నడిపించారని తరువాతి రోజుల్లో నవ్వుతూ ఒప్పుకున్నారు. కాని భూగోళం పాఠం చెప్పేటప్పుడు మాత్రం ఆయన మనిషే మారిపోయేవారు. చేత్తో గీసిన ప్రపంచపటం గోడకు తగిలించి, ఒక్కో దేశం మీద అక్కడి జనసంఖ్య, మతం రాసి పెట్టుకున్నారు. కెప్టెన్ కుక్ సముద్రయాత్రల పుస్తకం చదివినప్పటి నుండి ఆ దేశాల ప్రజలు ఆయన ప్రార్థనలో చోటు చేసుకున్నారు. లాటిన్, గ్రీకు, హెబ్రీ భాషలను స్వయంకృషితో నేర్చుకున్నారు.

దూరదేశాలకు సువార్త తీసుకువెళ్లడం తమ పని కాదని ఆనాటి పెద్దలు చాలామంది అనుకునేవారు. 1792లో కేరీ ఒక చిన్న పుస్తకం ప్రచురించి ఆ వాదానికి జవాబు చెప్పారు. అదే సంవత్సరం నాటింగ్‌హామ్‌లో యెషయా 54వ అధ్యాయం 2, 3 వచనాల మీద ప్రసంగించారు. అక్టోబరు 2న కెటరింగ్ అనే ఊరిలో ఒక విధవరాలి ఇంట్లో పదిమందికి పైగా కూడి బాప్టిస్టు మిషనరీ సంఘం స్థాపించారు. ఆ రోజు చందాగా రాసినది 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు. ప్రపంచానికి సువార్త ప్రకటించడానికి వారి దగ్గర ఉన్న మూలధనం అంతే.

దింపేసిన ఓడ

మొదటి దెబ్బ ప్రయాణం మొదలు కాకముందే తగిలింది. భార్య డొరోతి గర్భవతి. ఆమె ఎన్నడూ సముద్రం చూడలేదు. చదువు రాదు, పెళ్లి రిజిస్టరులో వేలిముద్రలాగా ఒక గీత గీసిన మనిషి. ఇద్దరు ఆడపిల్లలను అప్పటికే పోగొట్టుకున్న తల్లి. ఇండియాకు రానని చెప్పింది. కేరీ పెద్దకొడుకు ఫీలిక్స్‌ను వెంటబెట్టుకొని, డాక్టర్ జాన్ థామస్‌తో కలిసి ఓడ ఎక్కారు. ఈస్టిండియా కంపెనీ అనుమతి పత్రం లేదన్న కారణంతో ఇంగ్లండు తీరం దాటకుండానే వారిని దింపేశారు. సామానుతో ఒడ్డున నిలబడి, ఎక్కవలసిన ఓడ వెళ్లిపోవడం చూశారు.

ఆ తిరుగుప్రయాణంలో మళ్లీ ఇంటికి వెళ్లి అడిగితే, తన చెల్లెలు కిట్టీ తోడు వస్తే వస్తానని డొరోతి ఒప్పుకుంది. మూడు వారాల పైచిలుకు పసికందుతో, నలుగురు కొడుకులతో 1793 జూన్ 13న డేనిష్ ఓడ ఎక్కి, నవంబరు 11న కలకత్తా చేరారు. మొదటి ఓడ తప్పిపోవడం దేవుని ఏర్పాటే అని, లేకపోతే కుటుంబం విడిపోయేదని కేరీ కృతజ్ఞత చెప్పుకున్నారు. ఆ కృతజ్ఞత నిజమైనదే. అదే ప్రయాణానికి డొరోతి చెల్లించిన వెల కూడా నిజమైనదే. అది కొంత ముందుకు వెళితే కనబడుతుంది.

ఏడేళ్లు, ఒక్కరూ లేరు

కలకత్తాలో చేతిలో ఉన్న డబ్బు కొద్ది వారాల్లోనే అయిపోయింది. లెక్కలు చూసే బాధ్యత తీసుకున్న థామస్ మంచి మనసున్న వైద్యుడే గాని, డబ్బు నిలవని మనిషి. తలదాచుకోవడానికి ఇల్లు లేక, ఇంట్లో జబ్బులతో, పరాయివారి దయ మీద రోజులు గడిచాయి. సుందర్‌బన్స్ అడవుల అంచున పులులు తిరిగే చోట భూమి చేసుకుందామని వెళ్లారు. ఇంతలో 1794లో జార్జ్ ఉడ్నీ అనే క్రైస్తవ వ్యాపారి మాల్దా దగ్గర మద్నాబాటీలో తన నీలిమందు ఫ్యాక్టరీ చూసుకోమని పిలిచారు. నెలకు 200 రూపాయల జీతం. వెంటనే కేరీ ఇంగ్లండుకు ఉత్తరం రాసి, ఇక తన ఖర్చులకు డబ్బు పంపవద్దనీ, ఆ సొమ్మును వేరొక మిషనరీకి వాడమనీ చెప్పారు. కష్టకాలంలో చేయి చాచినవారు చాలామంది ఉంటారు. కష్టం తీరిన మొదటి నెలలోనే చేయి వెనక్కు తీసుకునేవారు అరుదు.

ఆ సంవత్సరమే అక్టోబరులో అయిదేళ్ల పీటర్ విరేచనాల జబ్బుతో చనిపోయాడు. కేరీ కూడా అప్పుడు జ్వరంతో మంచం మీద ఉన్నారు. శవాన్ని తాకితే కులం పోతుందన్న భయంతో పెట్టె చేయడానికి గాని, మోయడానికి గాని ఎవరూ ముందుకు రాలేదు. అతి కష్టం మీద కొందరు ముస్లిం కూలీలు సమాధి తవ్వారు.

పీటర్ మరణం తరువాత డొరోతి మనసు కోలుకోలేదు. 1795 నుండి ఆమెకు మతి స్థిమితం తప్పింది. భర్తను అనుమానించేది, నలుగురిలో దూషించేది, కొన్నిసార్లు మీదకు వచ్చేది. పిచ్చాసుపత్రికి పంపమని స్నేహితులు చెప్పినా కేరీ ఒప్పుకోలేదు. 1807 డిసెంబరులో ఆమె జ్వరంతో కన్నుమూసే వరకు, పన్నెండేళ్లు ఇంట్లోనే ఉంచుకున్నారు. పక్కగదిలో ఆమె కేకలు వేస్తుండగా ఈ గదిలో ఆయన అనువాదం చేసుకుంటూ ఉండేవారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇలాంటి జీవితచరిత్రల్లో డొరోతిని ఒక అడ్డంకిగా చూపించడం మామూలు. అది న్యాయం కాదు. పిలుపు వచ్చింది భర్తకు. ఆమె భర్తను నమ్మి వెంట వచ్చింది. ఆ ఇంట్లో పిల్లలు చాలాకాలం ఆలనాపాలనా లేక పెరిగారు. తరువాత సెరాంపూర్‌లో హన్నా మార్ష్‌మన్ అనే తల్లి వారిని చేరదీసింది. దేవుడు కేరీ గారిని వాడుకున్నాడని చెప్పేటప్పుడు, ఆ సేవకు ఎవరెవరు ఏమేమి ఇచ్చారో మరచిపోకూడదు. కృతజ్ఞత అంటే గాయం లేదని చెప్పడం కాదు. కేరీ తన దినచర్య పుస్తకంలో ఆ రోజుల గురించి రాసుకున్నది చదివితే దుఃఖం, ఒంటరితనం, తన ఆత్మ ఎండిపోయిందన్న బాధ దాచకుండా కనిపిస్తాయి. ఆ తరువాతి పేజీల్లో మళ్లీ ప్రార్థన కనిపిస్తుంది.

నీలిమందు వ్యాపారం వరదలకు, అనావృష్టికి దెబ్బతిని మూతపడింది. ఆరేళ్లు గడిచాయి. ఆ ప్రాంతంలో ఒక్కరు కూడా బాప్తిస్మం తీసుకోలేదు. చేతిలో మిగిలినవి బెంగాలీ కొత్త నిబంధన చేతిరాత ప్రతి, ఉడ్నీ కొనిచ్చిన ఒక చెక్క అచ్చు యంత్రం. కేరీ వాటిని తీసుకొని 1800 జనవరిలో సెరాంపూర్ చేరారు.

సెరాంపూర్ ముగ్గురు

అంతకు మూడు నెలల ముందు జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్, మరి కొందరు ఇంగ్లండు నుండి వచ్చారు. కంపెనీ ప్రభుత్వం వారిని తన భూభాగంలో అడుగు పెట్టనివ్వలేదు. సెరాంపూర్ అప్పుడు డెన్మార్కు వారి ఏలుబడిలో ఉంది. అక్కడి గవర్నరు వారికి ఆశ్రయం ఇచ్చారు. కంపెనీ మూసిన తలుపే వారిని సెరాంపూర్‌కు చేర్చింది. మార్ష్‌మన్ బడిపంతులు, వార్డ్ అచ్చుపని తెలిసినవారు, కేరీ అనువాదకుడు. ముగ్గురూ సంపాదించినదంతా ఒక్క పెట్టెలో వేసి ఒక్క కుటుంబంగా బతికారు. అయినా చావు వెంటాడింది. కొత్తగా వచ్చినవారిలో గ్రాంట్ మూడు వారాలకే చనిపోయారు. 1801 ముగిసే లోపు ఫౌంటెన్, బ్రన్స్‌డన్, డాక్టర్ థామస్ కూడా వెళ్లిపోయారు.

మొదటి ఫలం 1800 డిసెంబరు 28న కనిపించింది. చెయ్యి కీలు తప్పిన కృష్ణపాల్ అనే వడ్రంగికి థామస్ వైద్యం చేస్తూ సువార్త చెప్పారు. ఆ రోజు హుగ్లీ నదిలో కృష్ణపాల్‌కు, ఫీలిక్స్‌కు కేరీ బాప్తిస్మం ఇచ్చారు. ఏడేళ్ల నిరీక్షణ ఫలించిన ఆ ఆదివారం కూడా ఆనందం పూర్తిగా దక్కలేదు. సంతోషం పట్టలేక థామస్‌కు మతి చలించింది. ఆయనను ఒక గదిలో, డొరోతిని మరో గదిలో ఉంచవలసి వచ్చింది. నది ఒడ్డున స్తుతిగానం వినిపిస్తుండగా ఇంట్లో నుండి ఆ ఇద్దరి కేకలు వినిపించాయి. కేరీ గారి జీవితం మొత్తం ఆ ఒక్క రోజులో కనబడుతుంది. ఆయనకు సంతోషం ఎన్నడూ విడిగా రాలేదు, దుఃఖం చెయ్యి పట్టుకొనే వచ్చింది.

1801లో బెంగాలీ కొత్త నిబంధన అచ్చయింది. అదే సంవత్సరం కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాల ఆయనను బెంగాలీ బోధించడానికి నెలకు 500 రూపాయల జీతం మీద పిలిచింది. తరువాత ఆచార్యులయ్యాక జీతం 1,000 రూపాయలైంది. కాలేజీ మెట్లు ఎక్కని చెప్పుల కార్మికుడు దాదాపు 30 ఏళ్లు కంపెనీ దొరల పిల్లలకు పాఠం చెప్పారు. కుటుంబానికి కావలసిన కొద్ది మొత్తం ఉంచుకొని మిగతాదంతా మిషన్‌కు ఇచ్చేశారు.

1812 మార్చి 11

సెరాంపూర్ ముద్రణాలయం 200 అడుగుల పొడవైన భవనం. 1812 మార్చి 11 సాయంత్రం అక్కడ నిప్పు అంటుకుంది. కాగితం బండిళ్ల మధ్య మంట చూసిన వార్డ్ తలుపులు, కిటికీలు మూయించి, పైకప్పుకు రంధ్రం చేసి నీళ్లు పోయించారు. గంటల తరబడి మంట అణిగే ఉంది. ఇంతలో ఎవరో సాయం చేద్దామనే ఉద్దేశంతో కిటికీలు తెరిచారు. గాలి తగిలి భవనమంతా భగ్గుమంది. అర్ధరాత్రికి కప్పు కూలిపోయింది.

కేరీ ఆ రాత్రి కలకత్తాలో ఉన్నారు. మరునాడు ఉదయం మార్ష్‌మన్ వెళ్లి కబురు చెప్పారు. కేరీ నోట మాట రాలేదు, కన్నీళ్లు వచ్చాయి. వెయ్యి రీములకు పైగా కాగితం, ఎన్నో భాషల అచ్చు అక్షరాలు కరిగి ముద్దయ్యాయి. నష్టం సుమారు 70,000 రూపాయలు. డబ్బుతో కొలవలేనివి చేతిరాత ప్రతులు. కన్నడ కొత్త నిబంధన, బెంగాలీ నిఘంటువులో చాలా పుటలు, పంజాబీ వ్యాకరణంలో ఎక్కువ భాగం, సంస్కృతంతో పాటు దాని సంబంధ భాషలన్నిటికీ కలిపి ఏళ్ల తరబడి కూర్చిన మహానిఘంటువు కాలిపోయాయి.

మన తెలుగువారికి ఇందులో స్వంత నష్టం ఉంది. కేరీ రాసిన తెలుగు వ్యాకరణం మొత్తం ఆ రాత్రే బూడిదైంది.

ఆ తరువాతి ఆదివారం కేరీ కీర్తనలు 46వ అధ్యాయం 10వ వచనం తీసుకొని ప్రసంగించారు. రెండే మాటలు చెప్పారు. మనకున్నదాన్ని తన చిత్తప్రకారం చేసే హక్కు దేవునికి ఉంది. ఆయన చేసినదానికి మనం హృదయపూర్వకంగా లోబడాలి. ఇది చేతులు ముడుచుకొని కూర్చోమని చెప్పే ప్రసంగం కాదని వారం తిరగకుండానే తెలిసింది. శిథిలాలు వెదికితే అక్షరాలు పోతపోసే మూసలు చెడకుండా దొరికాయి. పక్కగదిలో ఉన్న అచ్చు యంత్రాలు బయటపడ్డాయి. కొద్ది రోజుల ముందే ఖాళీ అయిన గోదాము ఒకటి పక్కనే ఉంది. కరిగిన సీసం ముద్దలనే మళ్లీ కరిగించి, పనివాళ్లు రాత్రింబగళ్లు అక్షరాలు పోతపోశారు. కొన్ని వారాల్లోనే మళ్లీ అచ్చుపని మొదలైంది. ఒకసారి నడిచిన దారిలో రెండోసారి నడక సులువుగా, స్థిరంగా ఉంటుందని కేరీ తనకు తాను ధైర్యం చెప్పుకున్నారు. ఈ నష్టాన్ని ఇంకా భరించరానిదిగా చేయగల సంగతులు వంద తలచుకోగలనని మిత్రునికి ఉత్తరం రాశారు. ఎవరి ప్రాణమూ పోలేదు. అది ఆయన లెక్కలో పెద్ద ఉపకారం.

వార్త ఇంగ్లండు చేరిన రెండు నెలల లోపే సుమారు 10,000 పౌండ్ల కానుకలు వచ్చాయి. ఇక చాలు అని సంఘ కార్యదర్శి ఆండ్రూ ఫుల్లర్ ప్రకటించవలసి వచ్చింది. అంతవరకు కేరీ పేరు వినని సంఘాలు కూడా సెరాంపూర్ పేరు తెలుసుకున్నాయి.

తెలుగు వ్యాకరణాన్ని ఆయన మళ్లీ మొదటి నుండి రాశారు. 1814లో అది అచ్చయింది. ఇంగ్లీషులో అచ్చయిన తొలి తెలుగు వ్యాకరణాల్లో అది ఒకటి. సెరాంపూర్ తెలుగు కొత్త నిబంధన 1818లో వెలువడింది. ఇక్కడ విశాఖపట్నాన్ని కూడా గుర్తు చేసుకోవాలి. 1805లో అక్కడికి వచ్చిన లండన్ మిషన్ వారు క్రాన్, డెగ్రాంజెస్ సువార్తలను తెలుగులోకి మారుస్తూ 1809, 1810 సంవత్సరాల్లో ఒకరి తరువాత ఒకరు చనిపోయారు. వారు పూర్తి చేసిన మూడు సువార్తలను అచ్చు వేసింది కూడా సెరాంపూర్ ముద్రణాలయమే.

సెరాంపూర్ తెలుగు అనువాదం ఎక్కువకాలం వాడుకలో నిలవలేదన్నది కూడా నిజం. తరువాతివారు మళ్లీ అనువదించారు. అన్ని భాషల్లో చేయి పెట్టిన తొందర వల్ల కేరీ అనువాదాల్లో లోపాలు ఉండిపోయాయి. ఆ మహానిఘంటువును ఆయన మళ్లీ రాయలేకపోయారు. పోయినవన్నీ తిరిగి రాలేదు. తిరిగి రానిదాని గురించి కూడా ఆయన దేవుని మీద ఫిర్యాదు చేయలేదు.

మిగిలిన దెబ్బలు

1814లో బర్మాలో ఐరావతి నదిలో ఓడ మునిగి ఫీలిక్స్ భార్యాబిడ్డలు చనిపోయారు. ఫీలిక్స్ మిషన్ వదలి బర్మా రాజు రాయబారి అయ్యాడు. తండ్రికి అది పెద్ద బాధ. కొడుకు కొన్నేళ్లు దారి తప్పి తిరిగి, చివరకు సెరాంపూర్ చేరి తండ్రి పక్కన అనువాదం చేసి, 1822లో తండ్రి కంటే ముందే వెళ్లిపోయాడు. అంతకు ముందు ఏడాదే, పదమూడేళ్లు ఆయనకు తోడునీడగా ఉన్న రెండో భార్య షార్లెట్ మరణించింది.

ఇంటివారి మాటల దెబ్బ అంతకంటే లోతుగా తగిలింది. ఫుల్లర్ మరణం తరువాత ఇంగ్లండు కమిటీలో కొత్తవారు వచ్చారు. సెరాంపూర్ ముగ్గురూ ఆస్తులు కూడబెట్టుకున్నారని నిందలు పుట్టాయి. జీతమంతా ఇచ్చేసిన మనిషి మీద ఆ నింద. 1827లో సెరాంపూర్, మాతృసంఘం విడిపోయాయి. 1823లో దామోదర్ నది వరద ఆయన ఎంతో ఇష్టంగా పెంచిన తోటను ముంచేసింది. కాలు దెబ్బతిని మంచాన ఉండి కూడా కొత్త మొక్కలు వేయించారు. 1830లో కలకత్తాలో పెద్ద వ్యాపార సంస్థలు కుప్పకూలి మిషన్ నిధులు పోయాయి. ఆ నష్టాల మధ్యనే కళాశాల నిలిచింది, ఈనాటికీ నడుస్తోంది. 1829 డిసెంబరులో సతి రద్దు శాసనం బెంగాలీలోకి అనువదించమని ఆయనకు చేరింది. అది ఆదివారం. ఆలస్యమైన ఒక్కో గంట ఒక్కో ప్రాణమని, ప్రసంగానికి వేరొకరిని పంపి, ఆ రోజంతా కూర్చొని పూర్తి చేశారు.

1834 జూన్ 9న ఆయన సెరాంపూర్‌లోనే కన్నుమూశారు. ఇంగ్లండు వదిలాక నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా తిరిగి వెళ్లలేదు. చివరి రోజుల్లో చూడవచ్చిన యువ మిషనరీ అలెగ్జాండర్ డఫ్‌తో, నేను పోయాక కేరీ గురించి కాదు, కేరీ రక్షకుని గురించి మాట్లాడమని కోరారు. సమాధి రాయి మీద పేరు, తేదీలు, తనను నిస్సహాయుడిగా ఒప్పుకునే రెండు కీర్తన పంక్తులు తప్ప మరేమీ చెక్కవద్దన్నారు. అలాగే చేశారు.

మనకు

మన సంఘానికి యాభై ఏళ్లు నిండిన ఈ సందర్భంలో వేదికల మీద విజయాల లెక్క చదువుతాం. అది చదవవలసిందే. మనలో ఉద్యోగం పోయినవారు, బిడ్డను పోగొట్టుకున్నవారు, పరాయిదేశంలో ఒంటరిగా ఉన్నవారు, జీవితమంతా పాఠం చెప్పి ఫలితం కనబడక అలిసిపోయిన ఉపాధ్యాయులు కూడా ఉన్నారు. కేరీ తనకున్న ఒకే ఒక్క ప్రత్యేకత ఓపికగా నడుస్తూ పోగలగడమేనని చెప్పుకున్నారు. అందులో మేధావితనం అక్కరలేదు. దుఃఖాన్ని దాచుకోకుండా దేవుని ముందు పెట్టి, మిగిలినదానికి కృతజ్ఞత చెప్పి, మరునాడు ఉదయం బూడిదలో చేయి పెట్టి మూసలు వెదకడం మనకూ సాధ్యమే. మన మాతృభాష వ్యాకరణం రెండోసారి రాసిన మనిషి దగ్గర ఆ పాఠం నేర్చుకుందాం. దేవునికే మహిమ కలుగును గాక.